82 వేల కిలోమీటర్లు తిరిగిన పెట్రోల్ కారుకి ఖరీదైన సింథటిక్ ఆయిల్ పోయించాలా?

పోయించండి. కానీ మీ స్నేహితుడు చెప్పిన గ్రేడు వద్దు, ఆయన చెప్పినన్ని కిలోమీటర్లు తిప్పడమూ వద్దు.

మీరు రాసింది ఇదీ: 2016 మోడల్ స్విఫ్ట్ పెట్రోల్, 82 వేల కిలోమీటర్లు. రోజూ మియాపూర్ నుంచి గచ్చిబౌలికి ఆఫీసు, నెలకోసారి ఖమ్మం. మాన్యువల్‌లో 5డబ్ల్యూ-30 అని ఉంది. ఇప్పటిదాకా సర్వీసులో మామూలు మినరల్ ఆయిలే పోయించారు. మీ స్నేహితుడేమో విదేశీ కంపెనీది 5డబ్ల్యూ-40 ప్రీమియం సింథటిక్ పోస్తే పికప్, మైలేజీ పెరుగుతాయి, టాపెట్ సౌండ్ (వాల్వుల దగ్గర వచ్చే టకటక) పోతుంది, 20 వేల దాకా మార్చక్కర్లేదు అన్నారు. మీ మెకానిక్ ఏమో పాత ఇంజన్‌కి సింథటిక్ పోస్తే లీకులు మొదలవుతాయన్నారు. ఎవరి మాట వినాలో తెలియక టెన్షన్ పడుతున్నారు.

నేను విజయవాడ ఆటోనగర్‌లో 26 ఏళ్లుగా ఇంజన్ పనే చేస్తున్నాను. హెడ్ కవర్ విప్పగానే ఆ కారు ఎలాంటి చేతుల్లో పెరిగిందో తెలిసిపోతుంది. వేళకి మంచి ఆయిల్ మార్చిన ఇంజన్ లోపల పలచటి తేనె రంగు ఉంటుంది. నిర్లక్ష్యం చేసిన దాంట్లో గానుగ అడుగున పేరుకున్నట్టు నల్లటి మడ్డి. వేలితో గీస్తే గీత పడుతుంది. ఏ యాడ్ చూసినా, ఎవరేం చెప్పినా నాకు ముందు ఆ మడ్డే గుర్తొస్తుంది. కాబట్టి సింథటిక్ అంటే ఏంటో, దానితో మీకు ఏం ఒరుగుతుందో నాకు తెలిసినంత వివరంగా చెప్తాను.

ఇంజన్ ఆయిల్‌లో ఎక్కువ భాగం బేస్ ఆయిల్, మిగతాది మందులు, అంటే అడిటివ్‌లు. బేస్ ఆయిల్‌ని ఏపీఐ, అంటే అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్, ఐదు గ్రూపులుగా విడగొట్టింది. ఒకటి, రెండు గ్రూపులవి మినరల్ ఆయిల్స్. మూడో గ్రూపు కూడా ముడిచమురు నుంచి వచ్చిందే, కానీ హైడ్రోజన్‌తో, బాగా ఎక్కువ ప్రెషర్ మీద అణువుల్నే విరగ్గొట్టి శుద్ధి చేస్తారు. నాలుగో గ్రూపు పీఏఓ (పాలీ ఆల్ఫా ఓలెఫిన్), ఫ్యాక్టరీలో అణువు అణువూ ఒకే తీరుగా కట్టినది. ఎస్టర్లనే రసాయనాల లాంటివి అయిదో గ్రూపులోకి వస్తాయి. ఇందులో ఏది 'సింథటిక్' అన్నదాని మీద అమెరికాలో పెద్ద గొడవే జరిగింది. మూడో గ్రూపు ఆయిల్‌ని సింథటిక్ అని అమ్మకూడదని మొబిల్ కంపెనీ క్యాస్ట్రాల్ మీద ఫిర్యాదు చేస్తే, 1999లో అక్కడి ప్రకటనల స్వీయ నియంత్రణ సంస్థ క్యాస్ట్రాల్ వైపే చెప్పింది. అందుకే ఈ రోజు షాపులో 'ఫుల్లీ సింథటిక్' అని రాసున్న డబ్బాల్లో చాలావాటిలో ఉండేది మూడో గ్రూపే. ఇది మోసం అనుకోకండి. మంచి మూడో గ్రూపు ఆయిల్ మీ స్విఫ్ట్‌కి సరిపోయి ఇంకా మిగులుతుంది. కానీ డబ్బా మీద ఆ పెద్ద అక్షరాలు చూసి మాత్రం డబ్బులు పెట్టకండి. వెనకవైపు చిన్న అక్షరాల్లో ఉండేదే అసలు విషయం.

ఆ చిన్న అక్షరాల్లో రెండు చూడాలి. మొదటిది గ్రేడు. 5డబ్ల్యూలో డబ్ల్యూ అంటే వింటర్, చలికాలం. 5డబ్ల్యూ ఆయిల్‌ని మైనస్ 30 డిగ్రీల దగ్గర, 0డబ్ల్యూని మైనస్ 35 దగ్గర పరీక్షిస్తారు. మన దగ్గర లంబసింగిలో సున్నాకి దగ్గరపడితేనే పేపర్లో వార్త. కాబట్టి చలి తట్టుకోవడానికని 0డబ్ల్యూ కొనాల్సిన పని మనకి లేదు. కంపెనీ మాన్యువల్‌లో 0డబ్ల్యూ-20 రాసిన కొత్త కార్ల సంగతి వేరు, వాటికి అదే పోయాలి. రెండో అంకె వేడిలో చిక్కదనం. 100 డిగ్రీల దగ్గర 30 గ్రేడు ఆయిల్ చిక్కదనం 9.3 నుంచి 12.5 సెంటీస్టోక్స్ లోపు ఉంటుంది. 40 గ్రేడు 12.5 నుంచి 16.3 లోపు. అంటే మీ స్నేహితుడు చెప్పినది మీ ఇంజన్ అడిగినదాని కంటే చిక్కటిది. పోస్తే ఇంజన్ పాడవుతుందని కాదు. కానీ చిక్కటి ఆయిల్‌ని తిప్పడానికి పంపు ఎక్కువ కష్టపడాలి, దాంతో మైలేజీ పెరగకపోగా కాస్త తగ్గుతుంది. పైగా మీ ఇంజన్‌లో వాల్వుల టైమింగ్ మార్చే వీవీటీ ఉంది. అది పనిచేసేది ఆయిల్ ప్రెషర్ మీదే, ఆయిల్ వెళ్లే దారి చాలా సన్నం. కంపెనీవాళ్లు ఆ దారిని 30 గ్రేడుకి లెక్కవేసి పెట్టారు. ఆయిల్ తాగే పాత ఇంజన్లకి, రెండు లక్షలు దాటినవాటికి నేనూ 40 పోస్తాను. మీది ఆ వయసు ఇంజన్ కాదు.

రెండోది ఏపీఐ అక్షరాలు. పెట్రోల్ కార్లకి ఎస్‌ఎన్ 2010లో వచ్చింది, ఎస్‌పీ 2020లో వచ్చింది. ఎస్‌పీలో రెండు మంచి మార్పులున్నాయి. టైమింగ్ చైన్ అరుగుదలకి ప్రత్యేకంగా పరీక్ష పెట్టారు, మీది చైన్ ఇంజనే కాబట్టి అది మీకు పనికొస్తుంది. రెండోది టర్బో ఉన్న డైరెక్ట్ ఇంజెక్షన్ పెట్రోల్ ఇంజన్ల కోసం. తక్కువ స్పీడులో ఎక్కువ లోడు పడ్డప్పుడు స్పార్క్ కంటే ముందే మంట అంటుకుని పిస్టన్ పగిలే జబ్బు ఉండేది. ఆయిల్‌లో ఉండే క్యాల్షియం దానికి ఒక కారణమని తేలడంతో దాన్ని తగ్గించి మెగ్నీషియం కలిపారు. మీ కారుకి టర్బో లేదు, కానీ ఇది చదివేవాళ్లలో కొత్త టర్బో పెట్రోల్ కార్లున్నవాళ్లు ఉంటే, మీరు ఎస్‌ఎన్ డబ్బా తక్కువకి వస్తోందని కొనకండి. ఇక బీఎస్6 డీజిల్ కార్లది ఇంకో లెక్క. వాటి సైలెన్సర్ దారిలో డీపీఎఫ్ అనే మసి పట్టే ఫిల్టరు ఉంటుంది, బూడిద తక్కువ మిగిల్చే ఆయిలే పోయాలి. మాన్యువల్‌లో సీ2, సీ3 అని (ఇవి యూరప్ ప్రమాణాలు) ఏది రాస్తే అదే తప్ప ఖరీదు చూసి ఎంచుకునేది కాదు.

ఇప్పుడు సింథటిక్ వల్ల నిజంగా వచ్చే లాభానికి వద్దాం. అది వేడి దగ్గర కనిపిస్తుంది. ఛాంబర్‌లో, అంటే ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టిలో, ఆయిల్ 90 నుంచి 110 డిగ్రీల మధ్య తిరుగుతుంటుంది, పిస్టన్ రింగుల దగ్గర ఇంకా చాలా ఎక్కువ. ఆ వేడికి ఆయిల్ రెండు రకాలుగా చస్తుంది. పలచటి భాగం ఆవిరైపోతుంది, మిగిలింది గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి చిక్కబడి జిగురవుతుంది. ఆవిరి కొలవడానికి నోవాక్ అనే పరీక్ష ఉంది. ఆయిల్‌ని 250 డిగ్రీల దగ్గర గంటసేపు ఉంచి ఎంత పోయిందో చూస్తారు. మీరు కొనే 5డబ్ల్యూ-30లో అది 15 శాతం దాటకూడదు, మంచి సింథటిక్స్‌లో అంతకంటే బాగా తక్కువే పోతుంది. మే నెలలో రెంటచింతలలోనో రామగుండంలోనో 45 డిగ్రీల ఎండలో ఏసీ వేసుకుని వెళ్లే కారుకి ఈ తేడా తెలుస్తుంది. ఆయిల్ కొలిచే స్టిక్ మీద లెవెల్ తొందరగా దిగదు, రింగులు జిగురు పట్టవు.

మన సిటీ డ్రైవింగ్‌లో ఇంకో సంగతుంది, దీన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. మీటరు కిలోమీటర్లు లెక్కపెడుతుంది, ఇంజన్ మాత్రం గంటలు పనిచేస్తుంది. హైవే మీద సగటున గంటకి 50 కిలోమీటర్లు వెళ్తే 10 వేల కిలోమీటర్లకి ఇంజన్ 200 గంటలు తిరిగినట్టు. మియాపూర్ నుంచి గచ్చిబౌలికి పొద్దున పూట సగటు 20 వస్తే గొప్ప. అదే 10 వేలకి 500 గంటలు. ఒకే మీటరు రీడింగు, రెండున్నర రెట్ల పని. సిగ్నల్ దగ్గర ఏసీ వేసుకుని నిలబడ్డ ప్రతి నిమిషం ఆయిల్ కాగుతూనే ఉంటుంది, ముందు నుంచి గాలి తగలదు కాబట్టి ఇంకా ఎక్కువ కాగుతుంది. మీ వాడకానికి సింథటిక్ పోయించమని నేను అనడానికి ముఖ్యమైన కారణం ఇదే. నెలంతా హైవే మీద తిరిగే కారైతే మంచి మినరల్ ఆయిల్ వేళకి మార్చుకుంటే చాలనేవాడిని.

అదే కారణంతో 20 వేల కిలోమీటర్ల మాట నేను ఒప్పుకోను. ఆ ఆలోచన అమెరికా నుంచి వచ్చింది. 1972లో ఆమ్సాయిల్ అనే కంపెనీ అక్కడ మొదటిసారి ఏపీఐ ప్రమాణాలకి సరిపోయే సింథటిక్ కారు ఆయిల్ తెచ్చింది. దాని యజమాని ఆల్ అమాటుజియో యుద్ధ విమానాల పైలట్. జెట్ ఇంజన్లలో సింథటిక్ ఆయిల్ ఎలా పనిచేస్తుందో దగ్గరగా చూసినవాడు. ఏడాదికి లేదా 25 వేల మైళ్లకి, అంటే 40 వేల కిలోమీటర్లకి, ఒకసారి మార్చుకుంటే చాలని ప్రచారం చేశాడు. పొడవాటి హైవేలు, తక్కువ దుమ్ము ఉన్న దేశంలో వచ్చిన మాట అది. దాన్ని తెచ్చి మన ఔటర్ రింగ్ రోడ్డు లోపలి ట్రాఫిక్‌కి అంటగట్టకూడదు.

ఈ విషయంలో నేను చేసిన తప్పు కూడా చెప్పాలి. 2013లో ఒక డీజిల్ కారుకి ఖరీదైన ఫుల్లీ సింథటిక్ నేనే పోశాను. ఆ కారు ఓనర్‌తో "ఇది చాలాకాలం ఉంటుంది సార్" అన్నాను. ఎంతకాలమో చెప్పలేదు. ఆయన నా మాట నమ్మి 24 వేల కిలోమీటర్లు తిప్పారు, మధ్యలో ఒక్కసారి కూడా స్టిక్ తీసి చూడలేదు. కారు నా దగ్గరికి వచ్చేసరికి టర్బో నుంచి విజిల్ లాంటి శబ్దం, సైలెన్సర్ నుంచి నీలం పొగ. ఛాంబర్ విప్పితే ఆయిల్ పీల్చే జాలీకి సగం పైగా మడ్డి పట్టేసింది. టర్బో మార్చాల్సి వచ్చింది. ఆయిల్ నాణ్యతలో లోపమేం లేదు, నేను చెప్పాల్సిన మాట చెప్పలేదు. ఆ రోజు నుంచి ఎవరి కారుకి ఆయిల్ మార్చినా, మళ్లీ ఎప్పుడు మార్చాలో తేదీ, మీటరు రీడింగు రెండూ స్టిక్కరు మీద రాసి డోరు పక్కన అంటిస్తున్నాను. మీ కారుకి కూడా కంపెనీ చెప్పినట్టే 10 వేలు లేదా ఏడాది, ఏది ముందైతే అది. మీరు తిరిగేది ట్రాఫిక్‌లో కాబట్టి 8 వేలకి మార్చగలిగితే ఇంకా సంతోషం.

లీకుల సంగతి. మీ మెకానిక్ అన్నదానికి ఒక చరిత్ర ఉంది. తొలినాళ్ల పీఏఓ ఆయిల్స్ రబ్బరు సీళ్లని కొంచెం కుంచించుకుపోయేలా చేసేవి. తర్వాత వాటిలో సీళ్లని ఉబ్బించే ఎస్టర్లు కలిపి సరిచేశారు. ఇప్పటి ఆయిల్స్‌లో ఆ సమస్య లేదు. కానీ ఏళ్ల తరబడి గట్టిపడిన సీలు దగ్గర మడ్డే అడ్డుగోడలా నిలబడిన ఇంజన్లు ఉంటాయి. సింథటిక్‌లోని డిటర్జెంట్లు ఆ మడ్డిని కడిగేస్తే, అప్పటిదాకా దాగిన లీకు బయటపడుతుంది. అక్కడ పోయింది సీలే, ఆయిల్ మార్చకపోయినా ఇంకొన్నాళ్లకి కారేదే.

కాబట్టి డబ్బా కొనేముందు ఒక పని చేయండి. ఆదివారం పొద్దున ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు ఆయిల్ పోసే క్యాప్ తీసి టార్చ్ వేసి లోపలికి చూడండి. తేనె రంగో లేత గోధుమ రంగో ఉంటే నిశ్చింతగా పోయించండి. క్యాప్ లోపల మజ్జిగ మీగడలాంటి తెల్లటి నురగ ఉంటే, చిన్న చిన్న ట్రిప్పుల వల్ల తేమ చేరిందా, లేక కూలెంట్ కలుస్తోందా అన్నది ముందు తేల్చుకోవాలి. కూలెంట్ డబ్బాలో లెవెల్ తగ్గుతుంటే ఆయిల్ సంగతి పక్కనపెట్టి నేరుగా మెకానిక్ దగ్గరికి వెళ్లండి. నల్లటి మడ్డి గడ్డలుగా కనిపిస్తే ఫ్లష్ (ఇంజన్ లోపల కడిగే మందు) మాత్రం చేయించకండి. ఫ్లష్ పోస్తే ఆ మడ్డి ఒక్కసారిగా ఊడి జాలీకి అడ్డం పడుతుంది. దాని బదులు మామూలు ధర ఆయిల్‌నే మూడు నాలుగు వేల కిలోమీటర్లకి ఒకసారి చొప్పున రెండుసార్లు మార్చి, తర్వాత ప్రీమియం పోయండి. నెమ్మదిగా కడిగితే ఇంజన్ తట్టుకుంటుంది.

ఇంకో పరీక్ష. కారుని చదునైన చోట పెట్టి స్టిక్ మీద లెవెల్ గుర్తుపెట్టుకోండి. వెయ్యి కిలోమీటర్ల తర్వాత మళ్లీ చూడండి. అసలు దిగకపోతే ఇంజన్ గట్టిగా ఉన్నట్టు. కనిపించేంత దిగితే ముందు ఆయిల్ ఎక్కడ పోతోందో తెలుసుకోండి. కాలిపోయే ఆయిల్‌కి ఎక్కువ డబ్బు పెట్టడం నాకు నచ్చదు.

టాపెట్ సౌండ్ గురించి. పొద్దున స్టార్ట్ చేయగానే కొన్ని క్షణాలు టకటకమని ఆగిపోయే శబ్దమైతే, ఆయిల్ పైదాకా ఎక్కడానికి పట్టే సమయం అది. మంచి ఆయిల్, దాంతోపాటు ఆయిల్ వెనక్కి జారిపోకుండా ఆపే వాల్వు ఉన్న ఒరిజినల్ ఫిల్టరు వేస్తే తగ్గుతుంది. ఇంజన్ వేడెక్కాక కూడా అలాగే ఉంటే అది టాపెట్ గ్యాప్‌దో చైన్‌దో అయ్యుండాలి. చిక్కటి ఆయిల్ పోస్తే శబ్దం చెవికి కాస్త తగ్గినట్టు ఉంటుంది, అరుగుదల మాత్రం లోపల సాగుతూనే ఉంటుంది. నొప్పికి మాత్ర వేసుకుని ఎక్స్‌రే మానేసినట్టు చేయకండి.

మార్చేటప్పుడు దగ్గరుండి చూడండి. ఇంజన్ వేడిగా ఉండగానే డ్రెయిన్ బోల్ట్ విప్పించాలి, ధార ఆగి చుక్కలు పడేదాకా వదిలేయాలి. బోల్ట్ వాషర్ కొత్తది, ఫిల్టరు కొత్తది. ఆ తర్వాతే అసలైన తప్పు జరుగుతుంది. డబ్బా తెచ్చాం కదా అని మొత్తం ఒంపేస్తారు. అలా చేయనివ్వకండి. మాన్యువల్‌లో రాసిన కొలత కంటే పావు లీటరు తక్కువ పోయించి, ఇంజన్ రెండు నిమిషాలు తిప్పి ఆపి, ఇంకో అయిదు నిమిషాలాగి స్టిక్ చూసి మిగతాది కలపండి. స్టిక్ మీద పై గీత దాటితే లోపల తిరిగే క్రాంక్ షాఫ్ట్ ఆ ఆయిల్‌ని కవ్వంలా చిలుకుతుంది, నురగ వస్తుంది. నురగలో గాలి తప్ప ఆయిల్ ఉండదు, బేరింగులకి అందేది ఆ గాలే. మిగిలిన ఆయిల్‌ని బైకులో పోయొద్దని కూడా చెప్పాలి. చాలా బైకుల క్లచ్ ఆయిల్‌లోనే మునిగి ఉంటుంది, కారు ఆయిల్‌లోని జారుడు మందులకి క్లచ్ జారుతుంది. అలాంటి బైకుకి డబ్బా మీద జాసో ఎంఏ (బైకు ఆయిల్స్‌కి జపాన్ ప్రమాణం) అని ఉన్నదే వాడాలి. లెవెల్ తగ్గితే కారులో కలుపుకోవడానికి ఆ మిగిలిన డబ్బాని డిక్కీలో ఉంచుకోండి. పొరపాటున ఎప్పుడైనా దారిలో మినరల్ కలపాల్సి వచ్చినా ఫర్వాలేదు, ఏపీఐ ప్రమాణం ఉన్న ఆయిల్స్ ఒకదానితో ఒకటి కలుస్తాయి. లెవెల్ లేకుండా నడపడం కంటే అది నయం. అడిటివ్ సీసాలు మాత్రం కొనకండి, కంపెనీ కలిపిన మందుల లెక్క దెబ్బతింటుంది.

నకిలీల గురించి కూడా జాగ్రత్త పడండి. ఖరీదైన డబ్బాకే నకిలీ ఎక్కువ. ఒకసారి ఒక షాపు నుంచి తెచ్చిన డబ్బా విప్పితే మూత కింద రేకు సీలు చేత్తో అంటించినట్టు ముడతలు పడి ఉంది, ఆయిల్‌లో కిరోసిన్ వాసన. వెనక్కి ఇచ్చేశాను, మళ్లీ ఆ షాపు మెట్లెక్కలేదు. డబ్బా మీది క్యూఆర్ కోడ్ స్కాన్ చేయండి, తయారీ తేదీ, బ్యాచ్ నంబరు డబ్బా మీదా అట్టపెట్టె మీదా ఒకటే ఉన్నాయో లేదో చూడండి, బిల్లు తీసుకోండి. మార్కెట్ ధర కంటే మరీ తక్కువకి ఇస్తానంటే కొనొద్దు. పోసేశాక ఖాళీ డబ్బాకి స్క్రూడ్రైవర్‌తో రెండు బొక్కలు కొట్టి పారేయండి. నకిలీలు నింపేది మనం పారేసిన ఆ డబ్బాల్లోనే.

పోసిన తర్వాత మీకు ఏం తెలుస్తుందో నిజం చెప్తాను. పొద్దున స్టార్టింగ్ కాస్త మృదువుగా ఉంటుంది. మినరల్ పాతబడి ఉంటే శబ్దంలో తేడా తెలుస్తుంది, అందులో సగం కొత్త ఆయిల్ వల్లే, ఏ కొత్త ఆయిల్ పోసినా వచ్చేదే. పికప్ పెరిగిందనిపిస్తే కారణం ఎయిర్ ఫిల్టర్ కూడా అదే రోజు మార్చడం కావచ్చు. మైలేజీ చూడాలంటే ఒకే బంకులో ఫుల్ ట్యాంక్ చేస్తూ మారకముందు మూడు ట్యాంకులు, మారాక మూడు ట్యాంకులు రాసుకోండి. ఒకే గ్రేడులో మినరల్ నుంచి సింథటిక్‌కి మారితే వచ్చే తేడా చాలా చిన్నది, మీ టైర్లలో గాలి సరిగ్గా ఉండటం అంతకంటే ఎక్కువ ఇస్తుంది. వెయ్యి కిలోమీటర్లకే ఆయిల్ నల్లబడితే కంగారు పడకండి. పాత మురికిని కడుగుతోంది కాబట్టే నల్లబడుతుంది. మొదటిసారి మాత్రం 5 వేలకే మార్చేయండి, కడిగిన మురికి అంతా దాంతో పోతుంది. రెండోసారి నుంచి పైన చెప్పిన లెక్క.

తీసేసిన ఆయిల్‌ని ఊళ్లో చెదలు పట్టకుండా తలుపులకి, మంచాలకి రాయడం నేను చిన్నప్పటి నుంచి చూశాను. అది మానేయండి. ఇంజన్‌లో కాగిన ఆయిల్ చర్మానికి మంచిది కాదు, క్యాన్సర్ కారకాలు చేరతాయి. కాలవలో అసలే పోయకూడదు. అధికారిక రీసైక్లర్‌కి ఇచ్చే గ్యారేజీలోనే మార్పించి, అది వాళ్ల డ్రమ్ములోనే పడేలా చూడండి.

ఆదివారం క్యాప్ తీసి చూశాక లోపల ఏ రంగుందో, వెయ్యి కిలోమీటర్లకి స్టిక్ ఎంత దిగిందో నాకు చెప్పండి. ఆ రెండూ తెలిస్తే ఏ డబ్బా కొనాలో పేరుతో సహా చెప్తాను.